చక్కిలిగింతలకు చేతులు పైకెత్తే బుజ్జి జంతువు.. అది ఆనందం కాదు, భయం! స్లో లోరిస్ గురించి సైన్స్ ఏం చెబుతోంది?

పెద్ద పెద్ద గుండ్రటి కళ్లు. చేతిలో ఇమిడిపోయే బొద్దు ఒళ్లు. ఎవరో చంకలో వేలితో చక్కిలిగింతలు పెడుతుంటే రెండు చేతులూ నెమ్మదిగా పైకెత్తి అలాగే ఉండిపోతుంది. వేలు తీసేస్తే చేతులు దించుతుంది. మళ్లీ పెడితే మళ్లీ ఎత్తుతుంది. రీల్స్, షార్ట్స్ చూసే అలవాటు ఉన్నవాళ్ల ఫోన్లోకి ఇలాంటి వీడియో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఈ జంతువు పేరు స్లో లోరిస్.

చూసిన వెంటనే ఎవరికైనా ‘అబ్బ, ఎంత ముద్దుగా ఉందో’ అనే అనిపిస్తుంది. కానీ అడవిలో ఏళ్ల తరబడి రాత్రిళ్లు దీని వెంట తిరిగిన శాస్త్రవేత్తలు చెప్పేది వేరు. చేతులు అలా పైకెత్తడం ఆనందానికి గుర్తు కాదట. కాటు వేయడానికి ముందు అది తీసుకునే పొజిషన్. పైగా ఆ కాటులో విషం ఉంటుంది.

మరి వీడియోలో ఎందుకు కరవడం లేదు? ఆ జంతువును అమ్మే ముందు వ్యాపారులు దానికి ఏం చేస్తారో తెలిస్తే ఆ వీడియోను మళ్లీ నవ్వుతూ చూడలేం. వివరంగా చూద్దాం.

ముఖ్యాంశాలు

- ప్రైమేట్లలో విషం ఉన్నవి స్లో లోరిస్‌లు మాత్రమే
- వాటి ప్రధాన ఆహారంలో చెట్ల బంక ఒకటి.. అరటిపండ్లు, అన్నం ముద్దలు కాదు
- 100 ఆన్‌లైన్ వీడియోలు పరిశీలిస్తే, ఒక్కటి కూడా సమస్య లేని వీడియో కాదు
- మన శేషాచలం అడవుల్లో కనిపించే దేవాంగపిల్లి వీటికి దగ్గరి చుట్టమే

అసలు ఏంటీ స్లో లోరిస్?

కళ్లు చూసి చాలామంది పిల్లి జాతి అనుకుంటారు, ఇంకొందరు ఎలుగుబంటి పిల్ల అనుకుంటారు. రెండూ కాదు. కోతులు, లెమూర్లు, చివరికి మనుషులు కూడా ఉన్న ప్రైమేట్ వర్గానికి చెందిన జంతువు ఇది. బంధుత్వం చూస్తే కోతుల కంటే మడగాస్కర్ లెమూర్లకు దగ్గర.

దక్షిణాసియా, ఆగ్నేయాసియా అడవుల్లో ఉంటుంది. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం మీదుగా ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ దాకా వేరు వేరు జాతులు ఉన్నాయి. వియత్నాం, లావోస్ వైపు ఉండే పిగ్మీ లోరిస్ అరకిలో కూడా తూగకపోవచ్చు. అసోం, త్రిపుర వైపు ఉండే బెంగాల్ స్లో లోరిస్ రెండు కిలోల దాకా పెరుగుతుంది.

పూర్తిగా రాత్రి జీవి. పగలు కొమ్మల మధ్య, వెదురు పొదల్లో బంతిలా ముడుచుకుని పడుకుంటుంది. చీకటి పడ్డాక లేచి ఆకు కదలకుండా, చప్పుడు కాకుండా కొమ్మ మీద నుంచి కొమ్మ మీదకు పాకుతుంది. కోతిలా దూకడం రాదు. అందుకే పేరులో ‘స్లో’ వచ్చింది. ప్రమాదం అనిపిస్తే కదలకుండా బిగుసుకుపోతుంది. కొమ్మను గంటల తరబడి పట్టుకున్నా చేతులు తిమ్మిరెక్కకుండా కాళ్లు చేతుల్లో ప్రత్యేకమైన రక్తనాళాల అల్లిక ఉంటుంది.

ఇండోనేసియాలో దీన్ని ‘మలు-మలు’ అంటారు. అంటే సిగ్గరి అని. అసోంలో పిలిచే పేరు ‘లాజుకీ బాందర్’. అర్థం సిగ్గుపడే కోతి. భయపడితే తల దించుకుని ముడుచుకుపోయే అలవాటు వల్లే అక్కడా ఇక్కడా అదే మాట వచ్చింది.

చేతులు ఎందుకు పైకెత్తుతుంది?

మోచేతి దగ్గర, చేతి లోపలి వైపు దీనికి ఒక గ్రంథి ఉంటుంది. అందులో నుంచి ఘాటైన వాసన వచ్చే నూనెలాంటి ద్రవం ఊరుతుంది. ప్రమాదం అనిపించగానే చేతులు రెండూ తల పక్కకు ఎత్తుతుంది. అప్పుడు ఆ గ్రంథి సరిగ్గా నోటికి అందుతుంది. ద్రవాన్ని నాకి, లాలాజలంతో కలుపుకుంటుంది. రెండూ కలిస్తే విషం రెడీ.

ఇక దాన్ని ఎక్కించే ఏర్పాటు పళ్లలో ఉంది. కింది దవడలో ముందు పళ్లు ఆరు, దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా ముందుకు పొడుచుకుని ఉంటాయి. ఆ సందుల్లోకి విషం పాకి, కరిచినప్పుడు గాయంలోకి దిగుతుంది.

పాలిచ్చే జంతువుల్లో విషం ఉన్నవి చాలా తక్కువ. ప్లాటిపస్, కొన్ని రకాల చుంచులు, రక్తం తాగే గబ్బిలాలు లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రైమేట్లలో అయితే స్లో లోరిస్ బృందం ఒక్కటే.

ఇప్పుడు ఆ వీడియో మళ్లీ గుర్తు చేసుకోండి. చక్కిలిగింతలు పెట్టగానే చేతులు పైకి లేస్తున్నాయి. మనకు అది ‘ఇంకా కావాలి’ అన్నట్టు కనిపిస్తుంది. దాని వైపు నుంచి చూస్తే తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద జంతువు మీద పడింది, పారిపోవడానికి కొమ్మ లేదు, మిగిలిన ఆయుధం ఒక్కటే. దాన్ని బయటకు తీస్తోంది.

ఆ విషం ఎవరి మీద వాడుతుంది?

ఇది తేలడానికి చాలా కాలం పట్టింది. ఎందుకంటే బోనులో ఉన్న ఒక్క జంతువును చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అది ఎవరితో పోట్లాడుతుందో అడవిలోనే చూడాలి.

ఇండోనేసియాలోని పశ్చిమ జావాలో గారుత్ అనే ప్రాంతం ఉంది. అక్కడ చిపగాంటి గ్రామం చుట్టూ పొలాలు, వెదురు గుబుర్లు, తోటలు కలగలిసి ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ యూనివర్సిటీలో పనిచేసిన ప్రొఫెసర్ అన్నా నెకారిస్ 2011లో మొదలుపెట్టిన లిటిల్ ఫైర్‌ఫేస్ ప్రాజెక్ట్ కేంద్రం ఇక్కడే ఉంది. లోరిస్‌ల మెడకు రేడియో కాలర్లు కట్టి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా వాటి వెంట తిరుగుతారు. కళ్లకు ఇబ్బంది కలగకుండా ఎర్ర లైట్లు వాడతారు. అప్పుడప్పుడు పట్టుకుని ఆరోగ్యం చూసి, మళ్లీ అదే చోట వదిలేస్తారు.

ఎనిమిదేళ్ల పాటు 82 జావా లోరిస్‌ల నుంచి సేకరించిన వివరాలను 2020 అక్టోబర్‌లో ‘కరెంట్ బయాలజీ’ జర్నల్‌లో ప్రచురించారు. పట్టుకున్న సందర్భాల్లో దాదాపు ఐదో వంతు సార్లు ఒంటి మీద తాజా కాటు గాయాలు కనిపించాయి. మగవాటిలో ఇంకా ఎక్కువ. ఆ గాయాలు ఏ పామువో, పిల్లివో కావు. వేరే లోరిస్‌లు చేసినవి.

అంటే ఈ విషం శత్రువుల మీద కంటే సొంత జాతి మీదే ఎక్కువగా వాడుతున్నాయన్నమాట. కారణం హద్దులు, జోడీ. ఒక్కో లోరిస్ కొన్ని ఎకరాల జాగాను తనదిగా చేసుకుని ఉంటుంది. ఇంకొకటి వస్తే ఊరుకోదు. విషపు కాటు పడిన చోట చర్మం, కండ కుళ్లిపోతుంది. చెవి ముక్క పోయినవి, ముఖం మీద మానని పుండ్లు ఉన్నవి కూడా పరిశోధకులకు కనిపించాయి.

అదే జంతువు పెట్ షాపులో ఒకే బుట్టలో నాలుగైదింటితో కలిసి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పిల్లి అలర్జీకి, లోరిస్ విషానికి లింకు

పిల్లి పక్కన కూర్చుంటే తుమ్ములు, కళ్లు మంటలు వచ్చేవాళ్లు మన ఇళ్లలో కూడా ఉంటారు. దానికి కారణం పిల్లి ఒంటి నుంచి వచ్చే ఒక ప్రోటీన్. లోరిస్ మోచేతి ద్రవంలో ఉన్న ప్రోటీన్ కూడా అచ్చం ఆ కుటుంబానికి చెందినదే అని పరిశోధనల్లో తేలింది. 2020లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త బ్రయన్ ఫ్రై బృందం ఈ పోలికను మరింత లోతుగా చూసింది. పిల్లుల్లో కూడా ఈ అలర్జీ ప్రోటీన్ ఒకప్పుడు ఆత్మరక్షణ కోసమే పుట్టి ఉండొచ్చా అనే ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది. ఇది ఇంకా ఊహే. నిరూపణ కాలేదు.

ఇంకో ఊహ మనవాళ్లకు బాగా నచ్చుతుంది. భయపడిన లోరిస్ చేతులు తలకు ఆనించి, బుస్సుమని చప్పుడు చేస్తూ అటూ ఇటూ ఊగుతుంది. ముఖం మీద నల్ల మచ్చలు, వీపు మీద నిలువు చార. కాస్త దూరం నుంచి చూస్తే పడగ విప్పిన నాగుపాములా ఉంటుందని, శత్రువులను బెదిరించడానికే అలా మారి ఉండొచ్చని నెకారిస్, ఆమె సహచరులు 2013లో ఒక పేపర్‌లో రాశారు.

మనిషిని కరిస్తే ఏమవుతుంది?

అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి నొప్పి, వాపుతో సరిపోతుంది. అలర్జీ తత్వం ఉన్నవాళ్లకు మాత్రం ప్రాణం మీదకు రావొచ్చు. మలేసియాలోని సారవాక్ రాష్ట్రం, ములు ప్రాంతంలో 2012లో ఒక పరిశోధకుడిని లోరిస్ వేలి మీద కరిచింది. కాసేపటికే ఊపిరి అందని పరిస్థితి వచ్చింది. తీవ్రమైన అలర్జీ షాక్ అని గుర్తించి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆయన కోలుకున్నారు. ఈ కేసు వివరాలు 2014లో వైద్య జర్నల్‌లో వచ్చాయి.

అందుకే ఈ జంతువును ఇంట్లో పెంచుకోవడం దానికే కాదు, ఇంట్లో వాళ్లకూ ప్రమాదమే.

రాత్రంతా ఏం తింటుంది? జవాబు: బంక!

వైరల్ వీడియోల్లో లోరిస్ అరటిపండు తింటూ కనిపిస్తుంది. అన్నం ముద్దను రెండు చేతులతో పట్టుకుని తినే వీడియో కూడా బాగా తిరిగింది. ‘కోతి జాతి కదా, పండ్లే తింటుంది’ అని అందరం అనుకుంటాం. జూలు కూడా చాలాకాలం ఇలాగే పండ్లు పెట్టాయి.

అడవిలో చూస్తే లెక్క తారుమారైంది. చిపగాంటిలో జావా లోరిస్‌లు తిండి కోసం గడిపే సమయంలో సగానికి పైగా చెట్ల బంక మీదే పోతోంది. మనకు తుమ్మబంక తెలుసు కదా, అక్కడ కూడా ఒక రకం తుమ్మ జాతి చెట్లే వాటికి ఆధారం. దువ్వెన పళ్లతో బెరడును గీకి, గాటు పెట్టి, ఊరిన బంకను తింటాయి. దాని తర్వాత పూల మకరందం, పురుగులు.

మన దేశంలోనూ ఇదే కనిపించింది. త్రిపురలోని తృష్ణా అభయారణ్యంలో బెంగాల్ స్లో లోరిస్‌ల మీద భారతీయ పరిశోధకులు చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. చలికాలంలో వాటి ప్రధాన ఆహారం చెట్ల బంకే అని అందులో తేలింది.

దీని అర్థం ఏంటంటే.. లోరిస్‌కు పళ్లు ఆయుధం మాత్రమే కాదు, అన్నం పెట్టే పనిముట్టు కూడా. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

బోనులో పండ్లు పెడితే?

బోనులో లోరిస్‌ల ఆరోగ్యం మీద కూడా మంచి పరిశోధన జరిగింది. జూల్లో పెట్టే తిండిని, వాటికి వస్తున్న జబ్బులను పక్కపక్కన పెట్టి ఫ్రాన్సిస్ కబానా అనే పోషకాహార నిపుణుడు, నెకారిస్ కలిసి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. పండ్లు ఎక్కువ, బంక తక్కువ పెట్టిన చోట పిగ్మీ లోరిస్‌లకు పళ్ల జబ్బులు ఎక్కువగా వస్తున్నాయని తేలింది.

కారణం సింపుల్. మార్కెట్లో దొరికే పండ్లు మన నాలుకకు తగ్గట్టు తియ్యగా పెంచినవి. అడవి పండులో అంత చక్కెర ఉండదు. బంకలో పీచు ఎక్కువ, అరగడానికి టైం పడుతుంది. పైగా బెరడు గీకే పని వల్ల పళ్లు శుభ్రపడతాయి, ఒళ్లు కదులుతుంది. గిన్నెలో పండు ముక్కలు వేస్తే పది నిమిషాల్లో తినేసి, మిగతా రాత్రంతా ఖాళీ. అప్పుడు బరువు పెరగడం, జబ్బులు రావడం మామూలే.

లైట్ల సంగతి కూడా ఉంది. రాత్రి జంతువులను పగలు జనానికి చూపించడానికి జూలు టైం తిప్పేస్తాయి. రాత్రి తెల్లటి లైట్లు వేసి పడుకోబెట్టి, పగలు మసక లైట్లలో మేల్కొనేలా చేస్తాయి. ఆ మసక లైటు ఏ రంగులో ఉండాలి? అమెరికాలో గ్రేస్ ఫుల్లర్ బృందం ఎరుపు, నీలం లైట్లను పోల్చి చూసి 2016లో ఫలితాలు ప్రచురించింది. నీలం వెలుగు కంటే ఎర్ర వెలుగులోనే రాత్రి ప్రైమేట్లు చురుగ్గా తిరిగాయి. రాత్రి పడుకునే ముందు ఫోన్ నీలం వెలుతురు చూడొద్దని మనకు డాక్టర్లు చెప్పేదానికి, దీనికి మూలం ఒకటే.

జూ లైటు రంగు కాస్త తేడా వస్తేనే ఇంత ప్రభావం ఉంటే, పట్టపగలు వరండాలో మొబైల్ ఫ్లాష్ ముందు పెట్టిన లోరిస్ సంగతి ఆలోచించండి. చీకట్లో చూడటానికే తయారైన కళ్లు అవి.

రెండున్నర రోజుల నిద్ర

అడవికి, బోనుకు మధ్య ఇంకో దారి కూడా ఉంది. వియత్నాంలోని కుక్ ఫువాంగ్ నేషనల్ పార్కులో ప్రమాదంలో ఉన్న ప్రైమేట్ల రెస్క్యూ సెంటర్ ఉంది. అక్కడ లోరిస్‌లు ఎన్‌క్లోజర్లలోనే ఉంటాయి, కానీ ఆరుబయట. చలి, ఎండ అన్నీ సహజంగా తగులుతాయి. వాటి శరీర ఉష్ణోగ్రతను కొలిచిన శాస్త్రవేత్తలకు చలికాలంలో వింత విషయం కనిపించింది. పిగ్మీ లోరిస్‌లు కొన్నిసార్లు ఒళ్లు చల్లబరుచుకుని, ఏకబిగిన 63 గంటల దాకా శీతాకాల నిద్రలోకి వెళ్లిపోతున్నాయి. ఈ ఫలితాలు 2015లో వచ్చాయి.

అప్పటిదాకా ప్రైమేట్లలో రోజుల తరబడి ఇలా నిద్రపోయేవి మడగాస్కర్‌లో మాత్రమే ఉన్నాయని అనుకునేవారు. ఏసీ గదిలాంటి జూ బోనులో ఎప్పుడూ ఒకే వేడి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. దట్టమైన అడవిలో అయితే ఇలా ఒక్కో జంతువును నిమిషం నిమిషం కొలవడం కష్టం. అందుకే రెండు రకాల పరిశోధనా కావాలి. అడవి చెప్పే మాట ఒకటి, బోను చెప్పే మాట ఒకటి. రెండూ కలిపితేనే జంతువు అర్థమవుతుంది.

మరి వీడియోలో ఎందుకు కరవదు?

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం.

పెట్ మార్కెట్‌లోకి వచ్చే లోరిస్‌లు చాలావరకు అడవి నుంచి పట్టుకొచ్చినవే. కొనేవాళ్లను కరవకుండా ఉండాలని వ్యాపారులు వాటి ముందు పళ్లను గోళ్లు కత్తిరించే కట్టర్‌తోనో, కటింగ్ ప్లయర్‌తోనో విరిచేస్తారు. మత్తు ఇవ్వరు. పళ్లు లోపలిదాకా చీలిపోయి చిగుళ్లకు చీము పడుతుంది. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి చాలా చనిపోతాయి. బతికినవి సొంతంగా తిండి తినలేవు.

అంటే వీడియోలో చేతులెత్తి చూపిస్తున్న ఆ జంతువు దగ్గర బెదిరింపు మాత్రమే మిగిలి ఉండొచ్చు. కరవడానికి పళ్లు ఉండకపోవచ్చు.

టూరిస్టు ప్రాంతాల్లో ఫొటోల కోసం కూడా వీటిని వాడుకుంటారు. 2013లో పాప్ సింగర్ రిహానా థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో లోరిస్‌తో సెల్ఫీ దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ఆ ఫొటో వైరల్ కావడంతో అక్కడి అధికారులు దాడులు చేసి, ఆ జంతువును ఫొటోల కోసం తిప్పుతున్న ఇద్దరిని పట్టుకున్నారు. సెల్ఫీ దిగడానికి అర నిమిషం చాలు. ఆ జంతువు మాత్రం పగలంతా, రోజంతా ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మారుతూనే ఉంటుంది. కంబోడియా లాంటి చోట్ల అయితే నాటు మందుల కోసం ఎండబెట్టి అమ్ముతారు.

చట్టం లేదా అంటే ఉంది. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో 2007లో అన్ని స్లో లోరిస్‌లనూ అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చారు. వ్యాపారం కోసం దేశం దాటించడం నిషేధం. అయినా ఆగలేదు.

పైగా ఇవి త్వరగా పెరిగే జాతి కాదు. ఆడది కడుపుతో ఆరు నెలలు ఉంటుంది, ఎక్కువగా ఒక్క పిల్లనే కంటుంది. అడవి నుంచి పది తీసుకెళితే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. అంతరించే ప్రమాదం ఉన్న జీవుల ఐయూసీఎన్ జాబితాలో జావా లోరిస్ అత్యంత ప్రమాదపు స్థాయిలో ఉంది. బెంగాల్, పిగ్మీ లోరిస్‌లు కూడా ప్రమాదంలో ఉన్నవే.

12,411 కామెంట్లు చదివారు!

వీడియోలు చూస్తే ఏమవుతుంది, అది మనం పట్టి తెచ్చింది కాదు కదా అనొచ్చు. ఈ ప్రశ్నను కూడా శాస్త్రవేత్తలు వదల్లేదు.

2009లో యూట్యూబ్‌లోకి వచ్చిన చక్కిలిగింతల వీడియో కింద 33 నెలల్లో పడిన 12,411 కామెంట్లను పరిశీలించారు. 2013లో ‘ప్లాస్ వన్’ జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. మొదటి నెలల్లో కామెంట్ పెట్టినవాళ్లలో నాలుగో వంతు మంది ‘నాకూ ఒకటి కావాలి’ అన్నవాళ్లే. సెలబ్రిటీలు ఆ వీడియోను షేర్ చేసినప్పుడు వ్యూస్ పెరిగాయి కానీ అవగాహన పెరగలేదు.

కానీ ఇందులో ఒక మంచి సంగతి కూడా ఉంది. వికీపీడియాలో లోరిస్ గురించిన సమాచారం, టీవీలో డాక్యుమెంటరీ వచ్చాక కామెంట్ల తీరు మారింది. ‘కావాలి’ అనే వాళ్లు బాగా తగ్గారు. చివరికి ఆ వీడియోనే తీసేశారు. నిజం చెబితే జనం వింటారన్న మాట లెక్కలతో సహా కనిపించింది.

తర్వాత మరో అధ్యయనంలో 100 ఆన్‌లైన్ లోరిస్ వీడియోలను చూశారు. ఐదు విషయాలు వెతికారు:

- మనిషి పట్టుకుని ఉన్నాడా
- పగటి వెలుగులో, లైట్లలో ఉందా
- భయం, జబ్బు లక్షణాలు కనిపిస్తున్నాయా
- చెట్టు, కొమ్మ లేని కృత్రిమమైన చోట ఉందా
- తోటి లోరిస్ లేకుండా ఒంటరిగా ఉందా

ప్రతి వీడియోలోనూ వీటిలో కనీసం ఒకటి ఉంది. దాదాపు మూడో వంతు వీడియోల్లో ఐదూ ఉన్నాయి. ఇంకా బాధ కలిగించేది ఏంటంటే, లోరిస్ ఒత్తిడిలో ఉన్నట్టు కనిపించే వీడియోలకే జనం నుంచి లైకులు ఎక్కువగా వచ్చాయి. దాని భయం మన కంటికి ముద్దుగా కనిపిస్తోంది కాబట్టి.

కాపాడి అడవిలో వదిలేస్తే సరిపోదా?

అంత ఈజీ కాదు. పళ్లు విరిచిన లోరిస్ బంక గీకలేదు. హద్దు కోసం పోట్లాడలేదు. వదిలితే బతకదు. అందుకే అలాంటివి జీవితాంతం రెస్క్యూ సెంటర్‌లోనే ఉండిపోతాయి. పశ్చిమ జావాలో బోగోర్ దగ్గర అలాంటి కేంద్రం నడుస్తోంది.

పళ్లు బాగున్న వాటిని వదిలినా కష్టమే. ఇండోనేసియాలో రేడియో కాలర్లు కట్టి వదిలిన లోరిస్‌లలో చాలావరకు బతకలేదని అధ్యయనాల్లో తేలింది. అప్పటికే ఆ అడవిలో హద్దులు పెట్టుకున్న లోరిస్‌లు కొత్తవాటిని రానివ్వవు. ఏ చెట్టు బంక ఎప్పుడు ఊరుతుందో కొత్త వాటికి తెలియదు. కాబట్టి పట్టుకున్నాక కాపాడటం కంటే, పట్టుకోకుండా ఆపడమే మేలన్నది ఈ పరిశోధనల సారం.

అడవి మిగలని చోట కూడా మనుషులతో కలిసి బతికే దారి ఉందని చిపగాంటి చూపించింది. దూకలేని లోరిస్‌కు చెట్టుకు చెట్టుకు మధ్య ఖాళీ వస్తే దారి తెగిపోయినట్టే. అక్కడ పొలాలకు నీళ్లు పారే పైపులనే చెట్ల మధ్య వంతెనల్లా కట్టారు. లోరిస్‌లు వాటి మీదుగా దాటడం మొదలుపెట్టాయి. రైతుకు నీళ్లు, లోరిస్‌కు దారి.

మన దేవాంగపిల్లి సంగతేంటి?

తెలుగు రాష్ట్రాల్లో స్లో లోరిస్ లేదు. కానీ దాని దగ్గరి బంధువు ఉంది. అదే దేవాంగపిల్లి. ఇంగ్లిష్‌లో స్లెండర్ లోరిస్ అంటారు. సన్నటి పుల్లల్లాంటి కాళ్లు చేతులు, అంతే పెద్ద కళ్లు. శేషాచలం అడవుల్లో, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ ప్రాంతంలో ఉంది. దక్షిణ భారతదేశం, శ్రీలంకల్లో మాత్రమే ఈ రకం కనిపిస్తుంది.

దీని తిండి పూర్తిగా వేరు. బంక కాదు, పురుగులు. స్లో లోరిస్‌ల మీద ఇంత పని చేసిన అన్నా నెకారిస్ తన పీహెచ్‌డీ చేసింది తమిళనాడులోని దిండిగల్ దగ్గర అయ్యలూరు అడవుల్లో ఈ స్లెండర్ లోరిస్‌ల మీదే. వాటి ఆహారంలో 96 శాతం పురుగులు, చిన్న జీవులే అని ఆమె అధ్యయనంలో తేలింది. అదే దిండిగల్, పక్కనున్న కరూర్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను 2022లో తమిళనాడు ప్రభుత్వం కడవూరు స్లెండర్ లోరిస్ అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో ఈ జంతువు కోసం ఏర్పాటైన మొదటి అభయారణ్యం అది.

చేతబడి, వశీకరణం లాంటి మూఢనమ్మకాలతో దీని కళ్ల కోసం వేటాడేవాళ్లు దక్షిణాదిలో ఇంకా ఉన్నారు. నిజానికి రాత్రంతా పురుగులను ఏరుకు తినే ఈ చిన్న జీవి వల్ల రైతుకు మేలే తప్ప కీడు లేదు.

దేవాంగపిల్లి, బెంగాల్ స్లో లోరిస్ రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. పట్టుకున్నా, అమ్మినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా పడుతుంది.

అలాంటి వీడియో వస్తే ఏం చేయాలి?

- లైక్, షేర్ చేయొద్దు. ఎక్కువమంది చూస్తే ప్లాట్‌ఫామ్ దాన్ని ఇంకొందరికి పంపిస్తుంది
- రిపోర్ట్ బటన్ నొక్కి జంతు హింస అనే కారణం ఎంచుకోండి
- ఫ్యామిలీ గ్రూపులో ఎవరైనా పంపితే చేతులు ఎందుకు ఎత్తుతుందో ఒక్క లైనులో చెప్పండి. నిజం తెలిస్తే ‘నాకూ కావాలి’ అనేవాళ్లు తగ్గుతారని 12,411 కామెంట్లు చూపించాయి
- థాయ్‌లాండ్, బాలి టూర్లకు వెళ్లినప్పుడు లోరిస్‌తో ఫొటో అని ఎవరైనా దగ్గరకొస్తే డబ్బులు ఇవ్వొద్దు
- మన ఊరి దగ్గర దేవాంగపిల్లి కనిపిస్తే పట్టుకోవద్దు, టార్చి కళ్లలో కొట్టొద్దు. గాయపడి ఉంటే దగ్గర్లోని అటవీశాఖ ఆఫీసుకు చెప్పండి

ఇక మీదట ఏ జంతువు వీడియో చూసినా ఒక్క ప్రశ్న వేసుకోండి: అడవిలో ఇది ఈ టైంలో, ఈ వెలుగులో, ఇలా ఉంటుందా? స్లో లోరిస్ విషయంలో జవాబు తెలిసిపోయింది. పగలు అది ఏ కొమ్మ మీదో ముడుచుకుని నిద్రపోతూ ఉండాలి.